సీటు దిగబాక సారూ

"సార్, మీ బండి కింద ఈ సొట్టలేంటి?" అని అడిగాడు పోయిన వారం కడపలో ఒక నీలం చొక్కా మెకానిక్.

అది కంప్యూటర్ అలైన్‌మెంట్ చేసే చోటు. చక్రాలకు పలకలు బిగిస్తే టీవీలో అంకెలు కనబడతాయి. నా కారు నేలకు మరీ దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని ర్యాంపు ఎక్కించడానికి వాళ్ళు చెక్కలు పేర్చి నానా అవస్థ పడ్డారు. ఎక్కాక, "దిగండి సార్, లోపల ఏసీ గది ఉంది, కూర్చోండి" అన్నాడు. నేను దిగలేదు. "నేను కూర్చునే ఉంటా, మీ పని మీరు చేసుకోండి" అన్నాను. మనిషి లోపల ఉండగా బండిని పైకి లేపకూడదట, రూలట. కాసేపు వాదించుకున్నాం. వెనక రెండు కార్లు హారన్లు కొడుతుంటే తప్పక దిగాను. దిగినా ఏసీ గదిలోకి పోలేదు. ర్యాంపు పక్కనే నిలబడ్డాను. అప్పుడు అతను కింద ఆ సొట్టలు చూశాడు.

"రాళ్ళు తగిలుంటాయి" అన్నాను.

"రాయి తగిలితే గీరుకుపోతాది సార్. ఇవి కింద నుంచి నిటారుగా కొట్టినట్లు ఉండాయి. సరిగ్గా డ్రైవరు కాళ్ళ కిందనే, పదో పదకొండో."

పదకొండు. నాకు తెలుసు. చెప్పులు విడిచి నడిపితే కార్పెట్ కింద అవి అరికాలికి తగులుతూనే ఉంటాయి. ఆ దెబ్బలు కొట్టిన మనిషి పేరు ఇక్కడ రాయను. తన సంగతి నలుగురికీ తెలియడం ఆయనకు ఇష్టముండేది కాదు. నేను ఆయన్ను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను సారూ అనేవాడు. అంతవరకు చాలు.

ముందు నా ఘనకార్యం చెప్పాలి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. అప్పట్లో కర్నూల్లో ఉండేవాణ్ణి, ముప్పై ఇంకా నిండలేదు. సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొని, దాని స్ప్రింగులు కోయించాను. కారు నేలను అంటుకుని పోతుంటే రోడ్డు మీద జనం తలతిప్పి చూస్తారని ఆశ. చూశారు కూడా. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను దిగి, వంగి, కింద ఎంత సందుందో చూసుకుంటుంటే పగలబడి నవ్వుతూ చూశారు. స్ప్రింగు కోస్తే బండి కిందికి దిగి ఊరుకోదు. చక్రాల తలలు లోపలికి వాలిపోతాయి. టైరు లోపలి అంచు మీదే నడుస్తుంది, రెండు నెలలు తిరక్కుండా ఆ అంచు దారాలు తేలిపోతుంది. స్టీరింగు వదిలితే చాలు, కారు ఎడమకు లాగేస్తుంది. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, ఇదంతా నాకు ముందే తట్టాలి కదా? తట్టలేదు. కొత్త స్ప్రింగులు వేయిద్దామా అంటే, అప్పటికే స్టాఫ్ రూములో "నాకు ఇట్లనే ఇష్టం" అని గొప్పలు పోయి ఉన్నాను. అట్లా నా బండిలో నేనే ఇరుక్కున్నాను.

ఏ షాపుకు పోయినా "ఇది మా మిషన్‌కు ఎక్కదు" అని పంపించేవాళ్ళు. చివరకు ఎవరో ఊరి చివర ఒక రేకుల షెడ్డు చూపించారు. అన్న షెడ్డు అదే. షెడ్డు ముందు కొంచెం చదునైన గచ్చు, షెడ్డు లోపల ఒక గుంత. ఆ గుంత పాతకాలం చిన్న కార్ల కొలతకు తవ్వింది. గొంతు లోతు. భుజాలు రెండు పక్కలా గోడలకు రాసుకునేంత వెడల్పు. మెట్లు రోడ్డు వైపు ఉండేవి. కారు గుంతకు అటొక చక్రం ఇటొక చక్రం వేసుకుని లోపలికి పోతే, దాని వెనక భాగం మెట్లను కప్పేసేది. మామూలు కారైతే కింద పాక్కుంటూ బయటికి రావచ్చు. నా కారుకూ నేలకూ మధ్య నాలుగు వేళ్ళ సందే. అది ఎక్కిందంటే గుంతకు మూత పడినట్లే.

అందుకని నా బండి పనికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మొదట బయట గచ్చు మీద కొలతలు. ముందు చక్రాల కింద నున్నటి నాపబండలు జతగా వేసి, రెంటి మధ్య గ్రీసు పూసేవాడు, చక్రం సులువుగా తిరగడానికి. బండికి రెండు వైపులా నైలాన్ దారం లాగి కట్టేవాడు. చక్రం ముందంచు నుంచి దారానికి ఎంత, వెనకంచు నుంచి ఎంత అని స్టీలు స్కేలుతో కొలిచేవాడు. కాగితం లేదు, పెన్ను లేదు. పెదవులు కదిలేవి, అంతే. తర్వాత తను ముందుగా గుంతలో దిగి కూర్చునేవాడు. "రా సారూ, రా... రా... నిలుపు" అంటుంటే నేను ఆయన తల మీది నుంచి కారు లోపలికి తోలాలి. కింద ఆయన చక్రాలను కలిపే టై రాడ్‌ను పావు చుట్టో అర చుట్టో తిప్పేవాడు. మళ్ళీ నేను వెనక్కి తీయాలి, మళ్ళీ దారం, మళ్ళీ గుంత. నాలుగైదు సార్లు తిరిగేసరికి రెండు గంటలు పట్టేది.

ఆ రెండు గంటలూ నేను సీటు దిగకూడదు. అది ఆయన ఆజ్ఞ.

"గచ్చు మీద కొలిచేటప్పుడు సరే అన్నా, బరువు కావాలి. గుంతలో నువ్వు రాడ్డు తిప్పేటప్పుడు నేనెందుకు?" అని మొదటి రోజే అడిగాను.

"నీ బరువు ల్యాకుంటే బండి లేస్తాది సారూ. లెక్క తప్పుతాది."

"ఎట్లా తప్పుతుంది? కొలత అయిపోయింది కదా."

"నువ్వు కాలేజీలో చెప్పేది నాకు తెల్దు. నా గుంతలో నేను చెప్పేదే. దిగబాక సారూ."

కర్నూలు ఎండ, పైన రేకులు, ఇంజన్ ఆపేస్తే ఏసీ ఉండదు. సీటు బెల్టు ఒక్కటే తక్కువ, నేను ఖైదీనే. కింద నుంచి స్పానరు చప్పుడు, దాంతోపాటు రెండు నిమిషాలకొకసారి ఆయన గొంతు.

"ఉండావా సారూ?"

"ఉన్నా."

"ఉండా అనాల. ఉన్నా అంటే యాడనో దూరంగా ఉండేటోడు అన్నట్లు ఉండాది."

"ఉండా అన్నా, ఉండా! ఎక్కడికి పోతాను?" అని అరిచేవాణ్ణి. ఆయన నవ్వేవాడు. కారు రేకు కింద నుంచి నవ్వు వింతగా వినిపించేది, నా కాళ్ళ మధ్య నుంచి వచ్చినట్లు. కర్నూల్లో ఉన్న ఆరేళ్ళలో ఆయన ముఖం కంటే ఆ గొంతే నాకు ఎక్కువ తెలిసింది. ఇప్పటికీ ముఖం సరిగ్గా గుర్తు తెచ్చుకోవాలంటే కష్టపడాలి. గొంతుకు ఆ కష్టం లేదు.

ఆయనతో మాట్లాడటమంటే కారు కార్పెట్‌తో మాట్లాడటమే. నా పెళ్ళి చూపుల సంగతి, ప్రిన్సిపాల్ మీద నా కడుపుమంట, అన్నీ ఆ కార్పెట్‌కే చెప్పాను. ఆయన తన పని సంగతులు చెప్పేవాడు. "నిలబడినప్పుడు చక్రాలు రవ్వంత లోపలికి సూడాల సారూ. రోడ్డెక్కి ఉరికేటప్పుడు వాటంతట అవే నేరుగ అయితాయి. శానామంది నిలబడినప్పుడే నేరుగ పెడతారు, అదే తప్పు." ఇది నేను బోర్డు మీద బలాలు గీసి ఒక గంట చెప్పాల్సిన విషయం. ఈ మనిషి గుంతలో కూర్చుని మూడు మాటల్లో తేల్చేశాడని కొంచెం అసూయ కూడా పడ్డాను.

ఆయన చేష్టలు కొన్ని ఉండేవి. గుంతలోంచి పైకి వచ్చిన ప్రతిసారీ రోడ్డు మీదికి పోయి, నడుము మీద చేతులు పెట్టుకుని ఒక నిమిషం ఆకాశం చూసేవాడు. ఎండ కళ్ళల్లో పడి తుమ్మేవాడు. ఇంట్లో ఏ తలుపూ మూయనిచ్చేవాడు కాదు. వానాకాలమైనా చలికాలమైనా వాకిట్లోనే మంచం. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా మెట్టు దగ్గర నిలబడేవాడు, కండక్టర్ తిడితే నవ్వేవాడు. నేను వీటిని చాదస్తం అనుకున్నాను. ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పి నవ్వించేవాణ్ణి కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

నాలుగో ఏడు అనుకుంటా, ఒక మధ్యాహ్నం నాకు ఆకలిగా ఉంది. ఎదురుగా హోటల్లో ఉగ్గాని, బజ్జీ. వాసన నేరుగా కారులోకి వస్తోంది. ఆయన మాత్రం "దిగబాక" అంటాడు. నాకు కోపం వచ్చింది. బరువే కదా కావాల్సింది? బరువు బరువే. అది నాదైనా రాయిదైనా స్టీరింగుకు తెలుస్తుందా? ఆయన టీ తాగడానికి పోయినప్పుడు షెడ్డు పక్కన పడి ఉన్న నాపబండ ముక్కల పొడవు, వెడల్పు, మందం ఆయన స్కేలుతోనే కొలిచాను. సాంద్రతతో హెచ్చవేశాను. మూడు ముక్కలు కలిపితే సరిగ్గా నేను. ఎంత మురిసిపోయానో చెప్పలేను. ఆ మూడింటినీ షెడ్డులో గుంత పక్కన, కారు వచ్చి ఆగే చోట పెట్టుకున్నాను.

ఆయన వచ్చి గుంతలో దిగాడు. నేను కారు ఎక్కించాను. పక్క షెడ్డులో వెల్డింగు మొదలైంది, ఒకటే మోత. మెల్లగా తలుపు తీసి దిగి, ఒక్కొక్క బండా సీటులో పెట్టాను.

"ఏంది సారూ, కదుల్తాండావు?" అన్నాడు కింద నుంచి.

"నడుము పట్టేసింది, సర్దుకుంటున్నా."

"ఉండావా?"

"ఉండా" అని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాను.

హోటల్లో మా కాలేజీ కెమిస్ట్రీ ఆయన కలిశాడు. ఒక ప్లేటు అయ్యాక ఇంకో ప్లేటు అన్నాం. నా బండల లెక్క చెప్తే ఆయన విరగబడి నవ్వాడు. నలభై నిమిషాలు అయ్యుంటాయి. రోడ్డు దాటి షెడ్డు దగ్గరికి వస్తుంటే, నా కారు వెనక బంపర్ కింద, ఆ నాలుగు వేళ్ళ సందులోంచి, నాలుగు వేళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. గచ్చును గీరుతూ ఉన్నాయి. గోళ్ళ దగ్గర రక్తం.

"అన్నా!" అన్నాను. పలకలేదు. వేళ్ళు మాత్రం ఆగాయి. "చేతులు లోపలికి తీయన్నా, కారు వెనక్కి తీస్తా!" అని అరిచాను. బండలు కింద పడేసి, సీటులో కూలబడి, రివర్సు వేసి బయటికి తీశాను. దిగి గుంత దగ్గరికి పోతే ఆయన మెట్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. ప్యాంటు తడిసిపోయింది, అది చెమట కాదు. నేను చూడనట్లు తల తిప్పుకున్నాను. స్పానరు ఒక మూలన పడి ఉంది. దాంతోనే నా కాళ్ళుండే చోట పదకొండు సార్లు కొట్టాడని తర్వాత తెలిసింది. నా కాళ్ళు అప్పుడు హోటల్లో ఉన్నాయి.

ఆయన లేచి, పైకి వచ్చి, రోడ్డు మీదికి పోయి ఆకాశం చూశాడు. చాలాసేపు చూశాడు. తుమ్ము రాలేదు. నన్ను తిడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది. కింద పడి ఉన్న బండల్ని చూసి, "బరువు సరిపోయింటాది సారూ" అన్నాడు. "రాయి పలకదు కదా."

ఆ రోజు పని అక్కడితో ఆపేద్దామన్నాను. "సగం తిప్పిన రాడ్డుతో రోడ్డెక్కితే చస్తావు" అన్నాడు. ట్యాపు కింద కాళ్ళు కడుక్కున్నాడు. మళ్ళీ దిగాడు. దిగేటప్పుడు మెట్టు మెట్టుకూ ఆగాడు. నేను ఆయన తల మీది నుంచి మళ్ళీ కారు తోలాను. అంతకంటే కష్టమైన పని నేను జీవితంలో చెయ్యలేదు. "ఉండావా" అని ఆయన అడగక ముందే "ఉండా అన్నా, ఉండా అన్నా" అంటూ కూర్చున్నాను.

తర్వాత నాకు కడపకు బదిలీ అయ్యింది. సామాను లారీలో పంపి, కారులో నేను పోతుంటే ఆయన కూడా వస్తానన్నాడు. "దూరం తోలితేనే నా పని తెలుస్తాది" అన్నాడు. నాలుగు అద్దాలూ దించాలి, ఏసీ వద్దు. వడగాలి ముఖాన కొడుతుంటే ఆయన హాయిగా కిటికీలోంచి మోచెయ్యి బయట పెట్టుకుని కూర్చున్నాడు. నల్లమల వైపు ఎర్ర కొండలు, నల్లరేగడి చేలు, ఒక్క పక్కకూ లాగకుండా పోతున్న కారు. కడప దాటి ఒంటిమిట్ట దాకా పోయాం. గుడిలో క్యూలైను ఇనుప కమ్మీల మధ్య నుంచి పోవాలి. ఆయన కమ్మీల దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు పో సారూ. నాకూ కలిపి మొక్కు. నేను ఈడ నుంచే దండం పెట్టుకుంటా."

నేను పోలేదు. ఇద్దరం బయట మెట్ల మీద కూర్చుని బొరుగులు తిన్నాం. అప్పుడు చెప్పాడు, నా వైపు చూడకుండా. వాళ్ళది కోసిగి తట్టు పల్లె. ఆయనకు పదహారేళ్ళప్పుడు, తండ్రితో కలిసి ఒక బావిలో పూడిక తీయడానికి పోయాడు. మన్ను జారింది. చంకల దాకా కూరుకుపోయాడు.

"నాయన పైన ఉన్నంతసేపూ ఏం భయం ల్యాకుండె సారూ. ఉండావా అనేటోడు, ఉండా అనేటోణ్ణి. మనుషుల్ని పిల్చకొస్తానని పోయినాడు. పోక ఏం జేస్తాడు, ఒక్కడు తీయగలడా? ఆ మధ్యలో నేను పిలుస్తాండా, పిలుస్తాండా, ఎవురూ పలకల్యా. పైన ఆకాశం మాత్రం కనిపిస్తాంది, ఇంత."

చేత్తో చూపించాడు, రొట్టె అంత.

"మరి ఈ గుంత పని ఎందుకు పట్టుకున్నావన్నా?" అన్నాను.

"పని కోసం కర్నూలొచ్చినా. పొట్టిగ ఉండానని మొదటి శేటు గుంతలోకే దింపినాడు. ఇరవై ఏండ్లు అయింది, ఈ చేతులకు ఇంకో పని రాదు. పైన ఒక మనిషి ఉంటే చాలు సారూ, నాకేం కాదు." బొరుగుల పొట్లం మడిచాడు. "ఒక మాట. మా తట్టు సచ్చిపోతే పూడుస్తారు. నాకు వద్దు. నన్ను కాల్చమని చెప్పు. నా మాట నవ్వులాట అనుకుంటారు. నువ్వు సదువుకున్నోడివి, నువ్వు చెప్తే వింటారు."

"సరే అన్నా" అన్నాను. ఆయనకప్పుడు యాభై కూడా లేవు. బస్టాండులో దింపి, మాటను కూడా అక్కడే దింపేసి ఇంటికి పోయాను.

నిరుడు ఎండాకాలం పొద్దున్నే ఆయన భార్య, నేను వదినా అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసింది. రాత్రి వాకిట్లో మంచం మీద పడుకున్నవాడు పడుకున్నట్లే పోయాడట. ఊరికి తీసుకుపోయారట. నేను కడప నుంచి కోసిగి దాటి ఆ పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. కారు పొట్ట బండ్లబాట మీద రాసుకుంటూ పోయింది. పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు, జనం వలస పోయినట్లున్నారు. ఉన్న కొద్దిమందీ అక్కడే ఉన్నారు. వదిన నన్ను పక్కకు పిలిచింది.

"నాకూ చెప్పినాడు సారూ. పెద్దోళ్ళ ముందర నేనెట్ల నోరెత్తేది? నువ్వు చెప్పు."

ఆయన పెద్దన్న దగ్గరికి పోయి చెప్పాను. గుంత అప్పటికే తీసేశారు. ఆ ముసలాయన కోప్పడలేదు.

"వాడు పిల్లప్పటి నుంచీ అంతేనప్పా, గుంతంటే భయం. నాకు తెల్దా? బావిలో నుంచి నేనే కదా పైకి లాగింది. మా జేజినాయన ఈడనే ఉండాడు, మా నాయన ఈడనే ఉండాడు. వాణ్ణొక్కణ్ణి బూడిద జేసి ఏ యేట్లో కలపాల? సూడు, నాయన పక్కనే తీసినాం. ఇప్పుడు వాడు పిలిస్తే పలకనీకె మనిషుండాడు."

ఇంకొకసారి అడగాల్సింది. చెయ్యి పట్టుకుని అడగాల్సింది, గొడవ పెట్టుకోవాల్సింది. స్టాఫ్ రూములో పనికిరాని విషయాల మీద గంటలు గంటలు వాదించేవాణ్ణి. అక్కడ నాకొక్క మాట రాలేదు. వదిన వైపు చూడలేక తల దించుకున్నాను. ఆయన్ను గుంతలోకి దింపారు. తలా ఒక పిడికెడు మన్ను వేయమంటే, నేనూ వేశాను.

కుక్కలు తవ్వకుండా మట్టి మీద ఒక పెద్ద నాపబండ వేశారు. అందరూ స్నానాలకు కదిలారు. "రాప్పా, మన్ను పడినాక ఈడ ఉండగూడదు, యెనక్కి సూడగూడదు" అన్నాడు పెద్దన్న. మీరు పదండి, వస్తానన్నాను.

రెండు గంటలు కూర్చున్నాను. అలైన్‌మెంటుకు అంతే పట్టేది. ఎండ నెత్తిన కొడుతోంది, చుట్టూ ఒక్క చెట్టు లేదు. రెండు నిమిషాలకొకసారి, ఎవరూ అడక్కపోయినా, పైకే అన్నాను, "ఉండా అన్నా" అని. చేలో దూరంగా మేకలు తోలుకుపోతున్న ఆడమనిషి ఆగి నన్ను చూసి వెళ్ళిపోయింది.

పొద్దు వాలింది. మర్నాడు కాలేజీ ఉంది, కడప దూరం. ఇక లేవాలి. లేచి రెండడుగులు వేశాక, వద్దన్నారు కదా, అయినా వెనక్కి చూశాను. ఇంతసేపూ నేను కూర్చున్న చోటు పక్కన, ఆయన మీద, ఆ బండ ఉంది. నా చోటులో రాయిని పెట్టి లేచి రావడం నాకది రెండోసారి.